ఎంఆర్ఐ తర్వాత నాయన తొడల మీద బొబ్బ: స్కానింగ్‌లో వేడికి ఒక హద్దంటూ ఉండదా?

ఉరవకొండ కుర్రోడు:
నాయనకు 64 ఏళ్ళు. శెనక్కాయ మూటలు మోసి మోసి నడుము పోయింది. పోయిన వారం అనంతపురంలో ఒక సెంటర్లో నడుముకు ఎంఆర్ఐ తీయించాం. నలభై నిమిషాలు పట్టింది. బయటికొచ్చేసరికి మనిషి చెమటతో తడిసిపోయాడు. "పొయ్యి ముందర కూర్చోబెట్టినట్టుంది రా" అన్నాడు. టెక్నీషియన్‌ను అడిగితే "కొంచెం వేడి మామూలే" అని తర్వాతి పేరు పిలిచాడు.

మర్నాడు పొద్దున పంచె కట్టుకుంటూ చూసుకున్నాడు. తొడలు రెండూ ఆనుకునే చోట ఎదురెదురుగా ఎర్రటి మచ్చలు. ఎడమ తొడది రూపాయి బిళ్ళంత బొబ్బ. నొప్పి లేదంటాడు. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది, కాళ్ళు తిమ్మిరిగానే ఉంటాయి.

ఇప్పుడు మెడకు కూడా తీయాలి, కర్నూలులో 3 టెస్లా (అయస్కాంతం బలం లెక్క) మిషన్ మీద తీయించండి అంటున్నారు. ముందు తీసింది 1.5. రెట్టింపు మిషన్ అంటే రెట్టింపు కాలుతుందా? టెన్షన్‌గా ఉంది.

సీమ బుల్లోడు:
మాగ్నెట్ రక్తంలో ఐరన్‌ను లాగుతుంది బ్రో, ఆ రాపిడికే వేడి. పైగా రేడియేషన్. మజ్జిగ తాగించు, రెండో స్కాన్ మానుకోండి.

కర్నూలు స్కాన్‌రూం:
పదకొండేళ్ళుగా ఈ మిషన్ పక్కనే ఉన్నా తమ్ముడూ. మజ్జిగ తాగించు, తప్పేం లేదు. మిగతాది నమ్మొద్దు.

ఆ వేడి అయస్కాంతానిది కాదు, రేడియో తరంగాలది. 1.5 టెస్లాకు దాదాపు 64 మెగాహెర్ట్జ్, 3 టెస్లాకు 128. మన ఎఫ్ఎం రేడియో 88 నుంచి 108 మధ్య ఉంటుంది కదా, దానికి కాస్త కింద ఒకటి, కాస్త పైన ఒకటి. ఎక్స్‌రేతో దీనికి సంబంధం లేదు. ఆ తరంగాల శక్తిలో కొంత ఒంట్లో వేడిగా మారుతుంది.

హద్దు ఉంది. కిలో బరువుకు ఇన్ని వాట్లు అని లెక్క, దాన్ని మేం 'సార్' (SAR) అంటాం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలు పద్ధతిలో ఒళ్ళంతటికీ సగటున 2 వాట్లు, తలకు 3.2. ఆరు నిమిషాల సగటు తీస్తారు. ఒంటి లోపలి వేడి అర డిగ్రీకి మించి పెరగకూడదు. డాక్టరు పర్యవేక్షణలో 4 వాట్ల దాకా, ఒక డిగ్రీ దాకా పోవచ్చు. ఊరికే పడుకున్న మనిషి ఒళ్ళే కిలోకు ఒక వాట్ చొప్పున వేడి పుట్టిస్తుంది. దాని మీద ఇంకో రెండు అంటే చెమట పట్టడంలో వింత లేదు.

కానీ మీ నాయనది ఆ చెమట సంగతి కాదు. ఎదురెదురు మచ్చలు అన్నావు చూడు, అక్కడే తెలిసిపోయింది. తొడకు తొడ ఆనితే కాళ్ళు, నడుము కలిసి కరెంటుకు ఒక చుట్టు అవుతుంది. ఆ కరెంటంతా చర్మం చర్మం తాకే ఆ చిన్న చోటునుంచే పోవాలి. అక్కడ కాలుతుంది. స్క్రీన్ మీద అంకె హద్దులోనే ఉంటుంది, మిషన్ ఏం అరవదు. అందుకే కాళ్ళ మధ్య మెత్త పెట్టాలి, చేతులు తొడకు తగలకూడదు, చేతిలో చెయ్యి వేసుకోకూడదు. రెండు నిమిషాల పని. రద్దీ ఉన్న రోజు మొదట ఎగిరిపోయేది అదే.

3 టెస్లా గురించి: అదే పల్స్ (విడతగా వదిలే రేడియో తరంగం) ఇస్తే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. కానీ హద్దు మారదు. దాన్ని దాటకుండా మిషనే పల్స్ తగ్గించమంటుంది, లేదా స్కాన్ పొడుగవుతుంది. మెత్తలు సరిగ్గా పెడితే భయం చాలావరకు తగ్గుతుంది.

ముందు బొబ్బను డాక్టరుకు చూపించు. షుగర్ కాలు, పైకి చిన్నగా కనిపించినా లోపల లోతుగా ఉండొచ్చు. ఆ సెంటర్‌కు కాగితం మీద రాసివ్వు. ఇలాంటివి నమోదు చేయడానికి 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ అని కేంద్రం పథకమే ఉంది.

ఒకటి అడుగుతా. బరువు తూచారా? దుప్పటి కప్పారా? చేతికి బెల్ ఇచ్చారా?

ఉరవకొండ కుర్రోడు:
ఇప్పుడే అడిగా అన్నా. తూచలేదు. నాయన నోటితోనే 72 అని చెప్పాడంట, అది ఎప్పటి లెక్కో. మొన్న క్లినిక్‌లో 58 వచ్చింది. ఏసీకి వణుకుతున్నాడని రగ్గు కప్పారు. బెల్ ఇచ్చారు గానీ, నొక్కితే స్కాన్ ఆపేసి మళ్ళీ డబ్బులు కట్టమంటారేమోనని నొక్కలేదంట!

కర్నూలు స్కాన్‌రూం:
అదీ సంగతి. మిషన్ 72 కిలోలకు లెక్క వేసి 2 వాట్లు అనుకుంటే, 58 కిలోల ఒంటికి పడేది దాదాపు రెండున్నర. బొబ్బకు కారణం అది కాదు గానీ, చెమటకు రగ్గు తోడైంది. మిషన్ గొట్టం లోపల ఫ్యాన్ ఉండేదే ఆ వేడి పోవడానికి. ఈసారి కాటా మీద మూట పెట్టినట్టు నిలబెట్టి తూచమను. షుగర్‌తో తిమ్మిరి ఉందని ముందే చెప్పు, కాలుతున్నా తెలియదు ఆయనకు. బెల్ నొక్కితే డబ్బులు పోవని కూడా చెప్పు.

కడప అక్క:
మా అత్తమ్మ చేతికి రాగి తాయెత్తు ఉండేది. అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోలేదు కాబట్టి పర్లేదు అన్నారు. అది నిజమేనా?

కర్నూలు స్కాన్‌రూం:
లాగదు, అంతవరకే నిజం అక్కా. కరెంటు తీగె చేసేదే రాగితో కదా. చిన్న బిళ్ళకు పెద్దగా కాకపోయినా తీసేయడమే మేలు. మెట్టెలు రాకపోతే ముందే చెప్పండి. జరీ అంచున్న రవికె, మందు పట్టీల వెనక రేకు, అన్నిటికంటే ఒంటి చుట్టూ వలయంలా ఉండే లోహం, వీటితో జాగ్రత్త. తమ్ముడూ, మీ నాయనకు మొలతాడు ఉందా?

ఉరవకొండ కుర్రోడు:
ఉందన్నా. వెండిది. ఆ రోజు గౌను కింద అట్లే ఉండిందంట, ఎవరూ అడగలేదు. తీయమంటే "మా నాయన కట్టింది, నేను పోయాకే తీయండి" అంటున్నాడు. అమ్మను పిలుచుకొస్తా ఉండు.