జాడీలోని ఉప్పులో అయోడిన్ ఉందో లేదో తెలుసుకొనేదెలా?

మా ఇంట్లో రెండు జాడీల నిండా కల్లుప్పు ఉంది. ఒకటి చినగంజాం ఉప్పు కొఠార్ల నుండి ఆవకాయ కోసం తెప్పించినది, మరొకటి అయోడిన్ కలిపినదని ముద్రించిన ప్యాకెట్టులోనిది. ఇల్లు మారినప్పుడు చీటీలు ఊడిపోవడంతో ఏది ఏదో తెలియడం లేదు. రుచిలోనూ రంగులోనూ నాకు తేడా కనబడలేదు. మా కోడలు గర్భవతి కాబట్టి రోజువారీ వంటకు అయోడిన్ ఉప్పే వాడాలన్నది మా పట్టుదల.

కోసిన బంగాళాదుంప ముక్కపై ఉప్పు చల్లి, నిమిషం ఆగి, రెండు చుక్కల నిమ్మరసం వేస్తే అయోడిన్ ఉప్పు నీలిరంగునిస్తుందని విని ప్రయత్నించాను. ఒక ముక్కపై లేతనీలం చాయ కనబడీ కనబడనట్లు వచ్చింది, రెండవదానిపై ఏమీ రాలేదు. మన దేశంలో ఉప్పుకు కలిపేది పొటాషియం అయోడేట్. వినియోగదారునికి చేరేసరికి కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నిబంధన. అంత తక్కువ మోతాదు ఈ పరీక్షకు స్పష్టంగా అందుతుందా? పైగా నిమ్మరసంలోని విటమిన్ సి అయోడిన్ నీలిరంగును పోగొట్టగలదు కదా, దాని బదులు వెనిగర్ వాడితే ఫలితం మెరుగుపడుతుందా?

జాడీ మూత వదులై, ఉప్పు చెమ్మగిల్లి, అయోడిన్ తగ్గిపోయిందేమోనన్న అనుమానమూ ఉంది. రంగు రానంత మాత్రాన అది అయోడిన్ కలపని ఉప్పేనని తీర్మానించవచ్చునా? రసాయనశాస్త్రం తెలిసినవారు, పరీక్ష కిట్లు వాడిన ఆరోగ్య కార్యకర్తలు దయచేసి వివరించగలరు.