సమస్య: కొండ యెక్కనివారలె గొప్పవారు

పర్లాకిమిడి మాస్టారు:
పోయిన ఆదివారం మన గుంపులో ఐదుగురం మహేంద్రగిరికి బయలుదేరి తడిసి ముద్దయి తిరిగొచ్చాం. 1501 మీటర్ల కొండ. భీముడి గుడీ లేదు, కుంతి గుడీ లేదు, చూసిందంతా మబ్బే. దారిలో నోటికొచ్చిన పాదాన్నే ఈ వారం సమస్యగా ఇస్తున్నాను. ఇది చివరి పాదంగా వచ్చేలా మిగతా మూడు పాదాలు మీరు పూరించాలి. ఛందస్సు తేటగీతి. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక నిర్ణీత అక్షరంతో కుదరాల్సిన పొంతన, కొ-గొ. కొండ ఎక్కనివాళ్ళు గొప్పవాళ్ళెలా అయ్యారో మీరే చెప్పాలి.

గుణుపురం సభ్యుడు:
మంచు కప్పెను దారిని; మబ్బు ముసిరె;
జారు రాళ్లపై కాలూని చావనేల?
వాన వెలిసిన పిమ్మట వత్తు మనుచు
కొండ యెక్కనివారలె గొప్పవారు.

మాస్టారు:
ధార బాగుంది. ‘జారు రాళ్లపై’ చదువుతుంటే నా మోకాలు మళ్ళీ సలిపింది. ‘వత్తు మనుచు’ లేకపోతే ఇది పిరికివాళ్ళ పద్యం అయ్యుండేది, ఆ ఒక్క మాట కాపాడింది. కాకపోతే సమస్యను ఉన్న అర్థంలోనే తీసుకున్నారు, మెలిక లేదు.

రాయగడ తమ్ముడు:
మెలిక కావాలన్నారుగా, గురువుగారూ!
చేతి టార్చియు తడిసెను; చీకటయ్యె;
తోడు వచ్చిన నేస్తముల్ తుమ్ముచుండ
గాలి వానకు గుండెలో కాంతి దివ్వె
కొండ యెక్కనివారలె గొప్పవారు.

మాస్టారు:
శభాష్! ‘దీపం ఆరిపోయింది’ అనకూడదని మన ఇళ్ళల్లో ‘కొండెక్కింది’ అంటాం. ఆ మాటను పట్టుకుని కొండనే మాయం చేశావు. పూరణం అంటే ఇదీ. తుమ్ములు కూడా నిజమే, నావే ఎక్కువ. ఒక్క లోపం: ‘కాంతి దివ్వె’. కాంతి లేనిది దివ్వె ఎలా అవుతుంది? యతి కోసం తెచ్చిన మాటని తెలిసిపోతోంది. ‘గుండెలో గల్గు దివ్వె’ అని చూడు. గా-గ యతి సరిపోతుంది, అర్థానికీ అడ్డం రాదు.

రాయగడ తమ్ముడు:
మార్చేశాను. ‘టార్చి’ పర్వాలేదా?

మాస్టారు:
గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని టార్చిని కాదంటానా?

కాశీనగరం అమ్మాయి:
మాస్టారూ, నాకిది మొదటిసారి. మనవాళ్ళు కొండ దిగాక సవర గిరిజనుల గూడెంలో ఒక అవ్వ ఇంట్లో తలదాచుకున్నారని విన్నాను. దాని మీద రాశాను. తప్పులుంటే తిట్టకండి, చచ్చేంత టెన్షన్‌గా ఉంది.
పైన తడిసిన మాకునై పాకలోన
వేడి యంబలి కాచుచు చూచి చూచి
తలుపు తెరచిరి నవ్వుచు, తలచి చూడ
కొండ యెక్కనివారలె గొప్పవారు.

గుణుపురం సభ్యుడు:
రెండో పాదంలో యతి తప్పింది. ‘వే’కి ‘చూ’ కుదరదు.

మాస్టారు:
తప్పింది, నిజమే. అమ్మా, ఆ అవ్వ పోసింది ఏ అంబలి?

కాశీనగరం అమ్మాయి:
చోడి (రాగి) అంబలి అని మీరే అన్నారు కదండీ.

మాస్టారు:
మరి అదే రాయి. ‘చోడి యంబలి కాచుచు చూచి చూచి’. చో-చూ, యతి చక్కగా పడింది. వేడి అన్న మాట ఏ అంబలికైనా అతుకుతుంది, చోడి అంటేనే మన కొండ కనిపిస్తుంది. ‘చూచి చూచి’ మార్చకు. వాన హోరులో గుమ్మం వైపు చూస్తూ కుండలో గరిటె తిప్పుతున్న మనిషి ఆ రెండు మాటల్లోనే ఉంది. మూడో పాదంలో ‘తలచి చూడ’ కొంచెం పూరకం, ఖాళీ నింపే మాట. తరవాత తీరిగ్గా ఆలోచించు.

ఒకరు కందం అనే మరో ఛందస్సులో పంపారు. ఈ పాదం కందంలో ఇమడదు, తేటగీతిలోకి మార్చి పంపండి.

గుణుపురం సభ్యుడు:
నా పద్యంలోనూ మెలిక పెట్టి మళ్ళీ పంపొచ్చా?

మాస్టారు:
పంపండి. ఈలోగా ఎవరి సంచిలోనైనా నా ఎడమకాలి మేజోడు ఉందేమో చూడండి. అవ్వ పొయ్యి దగ్గర ఆరేసింది ఒకటే నాకు దొరికింది.