మగ్గం వర్క్ దుకాణానికి 38 వేల బిజినెస్ సర్టిఫికెట్ కోర్సు అవసరమా?

దేవరకొండ_మగ్గం:
అందరికీ నమస్తే. మాది దేవరకొండ. ఇంటి ముందు గదిలో మగ్గం వర్క్, బ్లౌజులు చేస్తాను, సాయానికి ఒక అమ్మాయి ఉంది. లగ్గాల సీజన్‌లో ఊపిరి సలపదు, ఆషాఢం వస్తే గిరాకీ ఉండదు. ఇంకో రెండు మగ్గాలు పెట్టి బజార్లోకి మారాలని ఉంది, దానికి లోను కావాలి. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ చిన్న వ్యాపారం నడపడం మీద ఆరు నెలల కోర్సు చెబుతోంది, శని ఆదివారాలు క్లాసులు, ఫీజు 38 వేలు. ఆ సర్టిఫికెట్ చూపిస్తే బ్యాంకులో లోను తేలిగ్గా వస్తుందని ఫోన్లో చెప్పారు. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు చార్జీ ఎట్లాగూ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. మా ఆయన పొదుపు సంఘంలో అప్పు తీసుకుని కట్టేద్దాం అంటున్నాడు. పైగా ఇక్కడ ఒకాయన ఎంఎస్‌ఎంఈ సర్టిఫికెట్ తీసిస్తా, 2,500 ఇవ్వమంటున్నాడు. ఏది కట్టాలి, ఏది వద్దు?

నల్లగొండ_లెక్కలు:
అక్కా, ముందు ఒక్క బ్లౌజు లెక్క చెప్పండి. ఎంత తీసుకుంటారు, ఎన్ని రోజులు పడుతుంది, పూసలు, జర్దోసీ, దారం ఎంత, ఆ అమ్మాయికి ఎంత?

దేవరకొండ_మగ్గం:
మామూలు పెళ్లి బ్లౌజుకు 2,500. సామాను 500 అవుతుంది, అమ్మాయికి 800. మూడు రోజుల పని. నెలకు ఎనిమిది దాకా వస్తాయి.

నల్లగొండ_లెక్కలు:
అంటే మీకు మిగిలేది 1,200, రోజుకు 400. ఫీజు 38 వేలంటే 95 రోజుల కష్టం. అది ఒక్కటే కాదు. ఆరు నెలల శని ఆదివారాలంటే 52 రోజులు, రోజుకు 400 చొప్పున ఇంకో 20,800 పోయినట్టే, అదీ కొలతలు ఇవ్వడానికి, బట్టలు తీసుకెళ్లడానికి జనం వచ్చే రోజుల్లో. మొత్తం 58,800. కోర్సు అయ్యాక ధైర్యంగా బ్లౌజుకు 300 పెంచారనుకుందాం, 196 బ్లౌజులు కుడితే గానీ ఆ డబ్బు తిరిగిరాదు, అంటే రెండేళ్లు. సంఘం అప్పు వడ్డీ ఇందులో కలపలేదు. ఆ 300 పెంచడానికి కోర్సు ఎందుకక్కా, వచ్చే సీజన్ ఆర్డర్లకే పెంచండి.

పాలమూరు_పాత_బ్యాంకు:
అమ్మా, నేను చాలా ఏళ్లు బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చున్నాను, అందుకే గట్టిగా చెబుతున్నా. ప్రైవేటు కోర్సు కాగితం చూసి లోను ఇవ్వరు. మీ ఖాతాలో డబ్బు ఎట్లా వచ్చి పోతోంది, పాత అప్పులు టైముకు కట్టారా, మిషన్లకు కొటేషన్ ఉందా, ఇవి చూస్తారు. చిన్న వ్యాపారాలకు 10 లక్షల లోపు లోనుకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉంది. ముద్రా అని చిన్న వ్యాపారాలకు కేంద్రం లోను పథకం ఉంది, అందులో 50 వేల వరకు శిశు, ఆ పైన 5 లక్షల వరకు కిశోర్. మీకు కిశోర్ సరిపోతుంది.

ఎంఎస్‌ఎంఈ సర్టిఫికెట్ అంటే ఉద్యం రిజిస్ట్రేషన్, మీ చిన్న వ్యాపారాన్ని సర్కారు దగ్గర నమోదు చేయించడం, అది తప్పకుండా తీసుకోండి, కానీ పైసా ఇవ్వకండి. 2020 జూలై నుంచి సర్కారు పోర్టల్‌లోనే ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని అయిపోతుంది. రేపు మీరు హైదరాబాద్ బోటిక్‌లకు పని చేసిచ్చినా పనికొస్తుంది, వాళ్లు 45 రోజుల్లోపు మీకు డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది, లేటైతే వడ్డీ అడగొచ్చు.

శిక్షణే కావాలంటే నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఆర్‌సెటీలు ఉన్నాయి, అంటే పల్లె వాళ్లకు స్వయం ఉపాధి నేర్పే బ్యాంకు శిక్షణ కేంద్రాలు. ఫీజు లేదు, తిండి, ఉండడం వాళ్లే చూసుకుంటారు, కోర్సు అయ్యాక లోను దరఖాస్తుకు కూడా సాయం చేస్తారు. దర్జీ పనికి పీఎం విశ్వకర్మలో, అంటే చేతివృత్తుల వాళ్ల కేంద్ర పథకంలో, శిక్షణ రోజులకు 500 చొప్పున భృతి, పనిముట్లకు 15 వేలు, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష ఇస్తారు. కానీ ముద్రా లోను నడుస్తుండగా అది రాదు, కాబట్టి ఏది ముందో ఆలోచించుకుని వెళ్లండి.

మిర్యాలగూడ_బోటిక్:
లెక్కలన్న చెప్పింది సరే కానీ చదువును రోజుకూలీతోనే కొలిస్తే నేను ఒప్పుకోను. మన ఆడవాళ్లు చాలామంది చేతిలో పని పెట్టుకుని రేటు చెప్పడానికి వణుకుతారు, తెలిసినవాళ్లు అడిగితే అడ్వాన్సు లేకుండా గుడ్డ కోస్తారు. అది నేర్పే క్లాసు అయితే డబ్బు పెట్టొచ్చు చెల్లె. సిలబస్ అడుగు, ఒక క్లాసులో ఊరికే కూర్చోనివ్వమను, అక్కడ చదివి ఇప్పుడు దుకాణం నడుపుతున్న ఇద్దరి నంబర్లు ఇమ్మను. ఇవ్వనంటే ఇంక మాట్లాడకు. లోను వస్తుందని చెప్పి కోర్సు అమ్మేవాళ్ల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఇంకోటి, నీ ఫోన్‌పే ఎవరి ఖాతాకు ఉంది?

దేవరకొండ_మగ్గం:
మా ఆయన ఖాతాకే ఉంది అక్కా! అంటే నా పేరు మీద బ్యాంకుకు కనిపించేది ఏమీ లేదన్నమాట. రేపే నా ఖాతాకు వేరే క్యూఆర్ పెట్టిస్తాను. బజార్లో గది కిరాయి 5 వేలు అంటున్నారు, ఎనిమిది బ్లౌజుల మీద వేస్తే ఒక్కోదానికి 625, రేటు పెంచకుండా మారితే మిగిలేదాంట్లో సగం కిరాయికే పోతుంది. కాబట్టి 38 వేలు ఇప్పుడైతే కట్టను. ఆర్‌సెటీకి ఫోన్ చేసి మగ్గం వర్క్ బ్యాచ్ ఎప్పుడో కనుక్కుంటాను, ఆషాఢంలో పడితే ఇంకా మంచిది. ఈమధ్య నల్లగొండలో చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, పిల్లల్ని ఇంట్లో వదిలి రోజూ వచ్చి పోవడానికి ఒప్పుకుంటారా చెప్పండి.