స్తంభం కుడివైపు ఉన్న బ్యాండ్ సా: ఎడమచేతి వాటం వాడిని, కొనవచ్చా?

పాలకొల్లు వడ్రంగి:

నమస్కారమండీ. పాలకొల్లు దగ్గర కాలవ గట్టు మీద మా షెడ్డు. తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాం. ఈమధ్య కొబ్బరి దుంగతో బల్లలు, స్టూళ్ళు కూడా అడుగుతున్నారు. నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు మా నాన్న సుత్తి కుడిచేతిలో పెట్టేవారు. ఆయన అటు తిరగ్గానే ఎడమచేతిలోకి మార్చుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్ళుగా ఆ చేత్తోనే పని.

ఇన్నాళ్ళూ మందం చెక్కని పలకలుగా కోయించడానికి కోత మిల్లుకి ఆటోలో వేసుకెళ్ళేవాణ్ణి. వాళ్ళ పెద్ద కోతల మధ్య మన నాలుగు ముక్కలకి వంతు రావాలంటే పొద్దు పోతుంది. అందుకని సొంతంగా ఒక బ్యాండ్ సా, అదే పైనొకటి కిందొకటి ఉన్న రెండు చక్రాల మీద పట్టీలాంటి రంపం బ్లేడు తిరుగుతూ కోసే మెషిన్, కొందామని తిరుగుతున్నాను. పాతవి రెండు దొరికాయి. రెంటికీ చక్రాలు 24 అంగుళాలే, పోత ఇనుమువే. మొదటిది అందరి దగ్గరా ఉండేలాంటిదే: బ్లేడుకి ఎదురుగా నిలబడితే పైచక్రాన్ని మోసే స్తంభం ఎడమవైపు, బల్ల కుడివైపు ఖాళీ. రెండోది అద్దంలో చూసినట్టు ఉంది. స్తంభం కుడివైపు, ఖాళీ ఎడమవైపు. అమ్మే ఆయన దాన్ని లెఫ్ట్ హ్యాండ్ మెషిన్ అంటున్నాడు. చూడ్డానికి వెళ్ళినప్పుడు కరెంటు లేదు. ఊరికే ఒక చెక్క పెట్టి తోసి చూశాను. ఎడమచెయ్యి దేనికీ తగలకుండా హాయిగా కదిలింది. అప్పటినుంచీ మనసు దాని మీదే ఉంది.

నా అనుమానాలు చెప్తాను. ఇది నిజంగా ఎడమచేతి వాళ్ళ కోసం చేసిందేనా? మామూలు బ్లేడ్లు దీనికి పడతాయా, లేక ప్రతిసారీ వేరేగా చేయించుకోవాలా? దీని మీద పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

రాజమండ్రి బ్లేడు పదును:

బ్లేడు సంగతి నేను చెప్తాను, నా పని అదే. సన్న బ్లేడుకి లెఫ్ట్, రైట్ లేవు. మీరు చెప్పిన రెండో మెషిన్ చక్రాలు ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరగాలి. అప్పుడే బల్ల దగ్గర బ్లేడు కిందికి దిగుతుంది. మామూలు మెషిన్ మీది బ్లేడుని దానికి అలాగే తొడిగితే పళ్ళు పైకి చూస్తాయి. బ్లేడుని కిందపెట్టి, రెండు చేతులతో పట్టుకుని లోపలి ముఖం బయటికి వచ్చేలా తిప్పేయండి. పళ్ళు కిందికి చూస్తాయి. పళ్ళ సెట్టింగ్ ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటుంది కాబట్టి తిప్పినా కోతలో తేడా రాదు. తోలు గ్లోవ్స్ వేసుకోండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. తిప్పేటప్పుడు అది ఒక్కసారిగా ఎగిరి విడుచుకుంటుంది.

దుంగలు కోసే మిల్లుల్లో మాత్రం లెక్క వేరు. అక్కడ నాలుగు, ఐదు అంగుళాల వెడల్పు బ్లేడ్లు. దుంగని మోసే ట్రాలీ బ్లేడుకి ఏ పక్క నడుస్తుందో దాన్నిబట్టి మిల్లుని లెఫ్ట్ అనో రైట్ అనో అంటారు. పనివాడి చేతివాటంతో దానికి సంబంధం లేదు. దుంగ ఏ దారిన వస్తుంది, కోసిన పలక ఎటు పోతుంది అన్నదే చూస్తారు. పదును పెట్టే మెషిన్లు కూడా అందుకు తగ్గట్టు లెఫ్ట్, రైట్ వస్తాయి. అంచేత ఎవరికైనా ఫోన్లో చెప్పేటప్పుడు లెఫ్ట్ మెషిన్ అనకండి. పళ్ళకి ఎదురుగా నిలబడితే స్తంభం ఏ వైపు ఉందో చెప్పండి, ఒక ఫొటో పంపండి.

మందం కూడా చూసుకోండి. చక్రం వ్యాసంలో వెయ్యో వంతు దాటకూడదని మా లెక్క. 24 అంగుళాలంటే 610 మిల్లీమీటర్లు, కాబట్టి 0.6 మిల్లీమీటర్ల బ్లేడు. అంతకన్నా మందం వేస్తే చక్రం మీద వంగి వంగి పళ్ళ మొదట్లో చీలిక వస్తుంది. కొబ్బరి దుంగ అంటున్నారు. దాని బయటి పొర రాయిలా ఉంటుంది, లోపల మెత్తన. టేకు కోసినంతసేపు అదే పదును ఉంటుందనుకోవద్దు. మూడు బ్లేడ్లు దగ్గర పెట్టుకోండి.

తాళ్లరేవు పడవ పని:

తమ్ముడూ, నాది కుడిచేతి వాటం. అయినా నీ ప్రశ్న నాకు బాగా అర్థమైంది. పడవ లోపల పక్కటెముకల్లా నిలబెట్టే వంపు కర్రలు కోస్తాను. ప్రతి కర్రకీ అవతలి పక్క దాని జత ఉండాలి, అద్దంలో బొమ్మలాగా. అంచు కూడా వాలుగా కోయాలి. లేకపోతే పైన పలక ఆనదు. నా మెషిన్ బల్ల స్తంభానికి అవతలి పక్కకి 45 డిగ్రీలు వాలుతుంది. స్తంభం వైపు నాలుగైదు డిగ్రీలే, కింద చక్రం పెట్టె అడ్డు. జత కర్ర కోయాలంటే ఎదురు చేతి మెషిన్ ఇంకొకటి కావాలేమోనని కొత్తలో చాలా దిగులుపడ్డాను.

అవసరం లేదు. బల్ల వాలు మార్చకుండా, మొదటి కర్ర కింది కొస నుంచి మొదలుపెట్టు. రెండోది పై కొస నుంచి మొదలుపెట్టు. రెండింటికీ మనకి కావలసిన ముక్క బ్లేడుకి ఒకే పక్క ఉంచు. రెండూ జతగా వస్తాయి. నమ్మకం కుదరకపోతే రెండు అట్టముక్కల మీద గీసుకుని చూడు. పెద్ద ఓడల యార్డుల్లో బల్ల కదలకుండా చక్రాల ఫ్రేమే అటూ ఇటూ వాలే బ్యాండ్ సాలు వాడేవారు, దూలాల్లాంటి కర్రని వాలు బల్ల మీద ఆపడం మనుషుల వల్ల కాదు కనక. మన చిన్న పనికి ఈ తిరగేసే పద్ధతి చాలు. కుర్చీలు చేస్తే వాటి వెనక కాళ్ళకీ పనికొస్తుంది.

చేతివాటం అలవాటుతో సర్దుకుంటుంది, గోడ సర్దుకోదు. నీ షెడ్డులో గోడ ఎటు ఉంది? స్తంభం గోడ వైపు పోవాలి, ఖాళీ మనిషి వైపు ఉండాలి. ఇంకో మాట. మామూలు మెషిన్నే ఇటుది అటు తిప్పి పెట్టి, ఎదురు దిక్కు నుంచి కోస్తే స్తంభం అవతలి గోడ వైపు వెళ్తుంది. అది కుదురుతుందేమో ముందు చూడు.

పాలకొల్లు వడ్రంగి:

అన్నా, మీరు చెప్పాక నిన్న సాయంత్రం షెడ్డంతా ఖాళీ చేసి నేల మీద సుద్దముక్కతో గీశాను. షెడ్డు 14 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. రోడ్డు వైపు తలుపు దగ్గర నిలబడి లోపలికి చూస్తే కుడివైపు పక్కింటి ప్రహరీ, ఎడమవైపు కాలవ, అటు గోడ లేదు, చూరు మాత్రమే. మామూలు మెషిన్ పెడితే ఖాళీ పక్క ప్రహరీ వైపు పడుతుంది. 11 అడుగుల కర్ర వంపు తిరిగేటప్పుడు కొస వెళ్ళి గోడకి కొట్టుకుంటోంది. మా అబ్బాయి వెదురు బొంగు పట్టుకుని తిరిగి చూపించాడు.

తిప్పి పెట్టడం కూడా గీసి చూశాను. స్తంభం ప్రహరీ వైపు వెళ్ళింది, నిజమే. కానీ కోసిన కర్ర తలుపులోంచి గట్టు రోడ్డు మీదకి వస్తుంది. బడి పిల్లల సైకిళ్ళు వెళ్ళే దారి అది. ఆ పని నేను చెయ్యలేను.

అందుకని రెండోదే తీసుకుంటున్నాను. నా చేతి కోసం అనుకున్నది గోడ కోసం కూడా సరిపోయింది. చక్రాల మధ్య దూరం కొలిచాను, 48 అంగుళాలు. బ్లేడు పొడవు ఎంత చెప్పమంటారు?

రాజమండ్రి బ్లేడు పదును:

రెండు చక్రాలూ ఒకటే సైజు కాబట్టి వ్యాసాన్ని 3.14తో గుణించి, మధ్య దూరానికి రెట్టింపు కలపండి. 75.4, 96. మొత్తం 171.4 అంగుళాలు, అంటే 14 అడుగుల మూడున్నర కన్నా కొంచెం తక్కువ. పైచక్రం పూర్తిగా పైకి లేపి కొలిచారా, మధ్యలో ఉంచి కొలిచారా? మధ్యలో ఉంచే కొలవాలి, చక్రం లేపి బ్లేడుకి టెన్షన్ (బిగువు) ఇవ్వడానికి పైన చోటు మిగలాలి. పలకలు తీయడానికి అంగుళం వెడల్పు, అంగుళానికి మూడు పళ్ళు ఉన్నది చెప్పండి.

త్రీ ఫేజ్ మోటారైతే బ్లేడు తొడగక ముందే స్విచ్ వేసి చక్రం ఎటు తిరుగుతుందో చూడండి. తప్పు దిక్కు తిరిగితే ఏవైనా రెండు వైర్లు మార్పించండి. బ్లేడు పైకి పరిగెడితే కోత పడకపోగా చెక్కని లేపేస్తుంది.

పాలకొల్లు వడ్రంగి:

మధ్యలో ఉంచి కొలవలేదండీ, పైకి లేపే కొలిచాను. రేపు మళ్ళీ వెళ్తాను. కింది చక్రం నట్టు కూడా చూడాలి. ఇలాంటివాటిలో ఒకదానికి ఎదురు మర, అంటే ఎడమవైపు తిప్పితే బిగిసే మర, ఉంటుందని లేత్ మేస్త్రి చెప్పాడు. అది చూసుకోకుండా స్పానర్ వేయనన్నాడు.

తాళ్లరేవు పడవ పని:

మంచి మేస్త్రి. ఆయన్ని వెంట తీసుకెళ్ళు. బ్లేడు తొడిగి మొదటి పలక తీశాక ఫొటో పెట్టు తమ్ముడూ, ఆ ఎడమచెయ్యి ఎక్కడ పెట్టి తోస్తున్నావో కనపడేలా.