12వ శతాబ్దపు లాటిన్ రాతప్రతి: 'మెదికో' అంటే ఇక్కడ వైద్యుడేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇటలీలో ఎంఏ చేస్తున్నాను. పాత రాతప్రతులు చదవడం ఈ సెమిస్టర్‌లో ఒక పేపర్. 'రెటొరికా అద్ హెరెన్నియుమ్' అనే రోమన్ వక్తృత్వ గ్రంథానికి 12వ శతాబ్దంలో తోలు మీద రాసిన నకలులోంచి ఒక పుట ఫోటో ఇచ్చారు. మూడో భాగంలో జ్ఞాపకశక్తి గురించి చెప్పే చోటు. సోమవారానికి పూర్తి మాటలుగా విడదీసి రాసివ్వాలి. సగం మాటలకు అక్షరాలే లేవు, అన్నీ గీతలూ తోకలే. పైగా ఒక వాక్యంలో మంచం, నిందితుడు, గిన్నె, పలకలు, 'మెదికో', పొట్టేలు వృషణాలు! నేనే తప్పు చదువుతున్నానా? ఇంకోటి, కేటలాగ్‌లో రచయిత రోమన్ వక్త సిసెరో అని ఉంది, మా సార్ కాదంటున్నారు. ఒకటే టెన్షన్.

జవాబు 1:
తమ్ముడూ, ముందు గీతల సంగతి. అక్షరం నెత్తిన ఉన్న అడ్డగీతను మన సున్న అనుకో. 'కంప'లో సున్న మకారంగా, 'కంత'లో నకారంగా పలుకుతుంది కదా, ఇక్కడా అంతే, చోటును బట్టి ఎమ్ లేదా ఎన్. 'పి'తో మాత్రం జాగ్రత్త. తోకకు అడ్డంగా గీత ఉంటే 'పెర్', నెత్తిన ఉంటే 'ప్రే', పొట్టలోంచి ఎడమకు తిరిగి తోకను కోస్తూ పోయే వంపు ఉంటే 'ప్రో'. మాట మొదట్లో 9 అంకె లాంటిది 'కోన్'. అదే చివర్లో కాస్త పైకెక్కి కూర్చుంటే 'ఉస్'. 'క్యూ' పక్కన సెమికోలన్ లాంటిది ఉంటే 'క్వే'. ఇవి వస్తే పుటలో చాలా భాగం విడిపోతుంది. మిగిలినవాటికి కప్పెల్లి సంక్షిప్తాల నిఘంటువు (1899) చూడు. కానీ మొదటే దాన్ని తెరవకు, ఒక్కో గుర్తుకు నాలుగేసి అర్థాలు చూపించి మతి పోగొడుతుంది.

జవాబు 2:
విషం పెట్టి చంపిన కేసు గురించిన ఉదాహరణ అది. వైద్యుడు ఉండడంలో వింతేముంది?

జవాబు 1:
వైద్యుడు కాదండీ. ముందున్న రెండు మాటలు చూడండి: 'దెక్స్‌త్రా' కుడిచేతిలో, 'సినిస్త్రా' ఎడమచేతిలో. మూడోదీ అదే విభక్తి, 'మెదికో'. చెయ్యి స్త్రీలింగం, వేలు పుంలింగం కాబట్టి చివరి అచ్చు మారింది, అంతే. రోమన్లు ఉంగరం వేలిని వైద్యుడి వేలు అనేవారు, మన అనామిక. నిందితుడు మంచం పక్కన నిలబడ్డాడు. కుడిచేతిలో విషపు గిన్నె, ఎడమచేతిలో వీలునామా పలకలు, ఉంగరం వేలికి పొట్టేలు వృషణాలు. 'తెస్తికులి' అంటే వృషణాలు, 'తెస్తెస్' అంటే సాక్షులు. ఆస్తి కోసం విషం పెట్టాడు, సాక్షులు చాలామంది ఉన్నారు అన్న ఆరోపణంతా ఒక్క బొమ్మలో గుర్తుండాలని ఆ ఏర్పాటు. నవ్వొస్తే మరిచిపోరు, రచయిత ఉద్దేశమూ అదే.
తమ్ముడూ, ఫోటో పెద్దది చేసి ఆ మాట చివర ఏముందో చెప్పు. 'ఓ' ఉందా, పైకెక్కిన 9 ఉందా? 9 ఉంటే 'మెదికుస్', అంటే వైద్యుడు, అవుతుంది.

అడిగినవారు:
చూశానక్కా, గుండ్రటి 'ఓ'నే. సరిపోయింది.

జవాబు 3:
సిసెరో సంగతి నేను చెప్తాను. కేటలాగ్ అబద్ధమాడలేదు, పాత నమ్మకాన్ని రాసింది. 4వ శతాబ్దం చివరికే క్రైస్తవ పండితుడు జెరోమ్ దీన్ని సిసెరోదిగా చెప్పాడు. మధ్యయుగమంతా సిసెరో రాసిన 'దె ఇన్వెన్‌తియోనె'ను పాత రెటొరికా, దీన్ని కొత్త రెటొరికా అనేవారు. 1491లో ఇటలీ పండితుడు రఫాయెలె రెజియో ఆ నమ్మకాన్ని ప్రశ్నించాడు. రచన క్రీ.పూ. 80ల నాటిది. కొందరు కోర్నిఫికియుస్ అనే రోమన్ రచయిత పేరు చెబుతారు గానీ తేలలేదు. నీ పేపర్లో 'సిసెరో పేరుతో ప్రచారమైన అజ్ఞాత రచన' అని రాయి, మీ సార్‌కూ అభ్యంతరం ఉండదు.

అడిగినవారు:
థాంక్స్ అండీ. చివరగా ఒకటి. ఒక చోట వరసగా నిలువు గీతలే ఉన్నాయి, చుక్కలూ లేవు, ఎక్కడ తెంచాలో తెలియడం లేదు.

జవాబు 1:
లెక్కపెట్టు. 'ఐ'కి ఒకటి, 'ఎన్', 'యు'లకు రెండేసి, 'ఎమ్'కు మూడు. 'మినిముమ్' అన్న మాటకు 15 గీతలు వస్తాయి. ముందు మొత్తం రాసుకో, తర్వాత వ్యాకరణానికి ఏది కుదురుతుందో చూసి తెంచు. గీతలు ఎన్నొచ్చాయో ఇక్కడ పెట్టు, ఆదివారం రాత్రి కలిసి చూద్దాం.