డిస్పోజల్ తిరగట్లేదు, సింక్ నిండిపోయింది. నేనే విప్పొచ్చా?

ఇర్వింగ్ నుంచి (కొత్తగా వచ్చాం):
అందరికీ నమస్తే. గుంటూరు నుంచి డాలస్ వచ్చి నెల కూడా కాలేదు. వంటింటి సింక్‌లో నీళ్లు దిగట్లేదు. సింక్ కింద తిండి ముక్కల్ని నలిపే మోటారు ఉంటుంది కదా, ఆ డిస్పోజల్ స్విచ్ వేస్తే గుయ్‌మంటుంది గానీ తిరగదు. సాంబారులోని మునక్కాడ పిప్పి, కాస్త అన్నం లోపల పడినట్టున్నాయి. అపార్ట్‌మెంట్ ఆఫీసుకు చెప్తే మా మీద బిల్లు వేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. నేనే విప్పొచ్చా?

ప్లేనో నుంచి:
తమ్ముడూ, ముందు స్విచ్, బ్రేకర్ రెండూ ఆపెయ్. చెయ్యి మాత్రం లోపల పెట్టకు. గుయ్‌మంటోందంటే కరెంటు అందుతోంది, లోపల ఏదో ఇరుక్కుంది. కింద కూర్చుని డిస్పోజల్ అడుగు చూడు, నడిమధ్య ఆరు పలకల చిన్న రంధ్రం ఉంటుంది. చాలావాటికి పావు అంగుళం అలెన్ కీ (ఆరు పలకల వంకర చువ్వ) సరిపోతుంది. అటూ ఇటూ గట్టిగా తిప్పుతుంటే ఒకచోట పట్టు వదిలి తేలిగ్గా తిరగడం చేతికి తెలుస్తుంది. పైనుంచి టార్చ్ వేసి పట్టకారుతో పిప్పి లాగెయ్. అడుగునే ఉన్న ఎర్ర బటన్ నొక్కి, బ్రేకర్ వేసి, కుళాయి తిప్పి అప్పుడు స్విచ్ వెయ్. మునక్కాడ, కరివేపాకు, ఉల్లిపొట్టు ఇకమీదట చెత్తబుట్టకే. అన్నం గొట్టంలో ఉబ్బుతుంది, నెయ్యి దానిమీద గడ్డకడుతుంది.

ఫ్రిస్కో నుంచి:
ఆ తిప్పడం సరే బాబూ, ముందు అపార్ట్‌మెంట్ వాళ్ల పోర్టల్‌లో, అంటే వాళ్ల వెబ్‌సైట్‌లో, రిపేరు రిక్వెస్టు పెట్టావా? మా పాత అపార్ట్‌మెంట్‌లో బాత్రూమ్ సింక్ కింద గొట్టం కారేది. రిక్వెస్టు పెట్టినప్పుడల్లా మనిషి రాకుండానే "పని పూర్తయింది" అని మూసేసేవారు. చెక్క ఉబ్బి కప్‌బోర్డు తలుపు పట్టడం మానేసింది. మేం ఖాళీ చేసేసరికి కొత్త మేనేజరమ్మ వచ్చి, ఆ కప్‌బోర్డు ఖర్చు మా డిపాజిట్‌లో కోసేసింది. తేదీలతో ఫొటోలు, మూసేసిన రిక్వెస్టులన్నీ ప్రింటు తీసి సర్టిఫైడ్ మెయిల్‌లో (పంపినట్టు రుజువుండే పోస్టు) పంపితే గానీ డబ్బు వెనక్కి రాలేదు. టెక్సస్ చట్టం ప్రకారం కొత్త అడ్రసు రాసిచ్చి ఖాళీ చేశాక 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, కోస్తే దేనికెంతో రాసివ్వాలి. ఆరోగ్యానికి, భద్రతకు ముప్పయ్యే రిపేరుకు రాతపూర్వక నోటీసు అందాక 7 రోజులు సబబైన గడువు, అదీ అద్దె బాకీ లేకుండా ఉంటేనే.

ఆలెన్ నుంచి:
ఇంత రాద్ధాంతం ఎందుకండీ, డ్రెయిన్ క్లీనర్ సీసా ఒకటి పోస్తే పోతుంది.

ప్లేనో నుంచి:
అన్నగారూ, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. నిలిచిన నీళ్లలో ఆ మందు పోస్తే అడ్డు కదలకపోవచ్చు, తర్వాత గొట్టం విప్పినవాడి చేతులు, కళ్లు కాలతాయి. డిస్పోజల్ తిరిగాక కూడా నీళ్లు దిగకపోతే కింద వంపు గొట్టంలో అడ్డుంది. బకెట్ పెట్టి, ప్లాస్టిక్ నట్లు చేత్తో వదులు చేసి, కడిగి మళ్లీ బిగిస్తే చాలు.

ఫ్రిస్కో నుంచి:
అద్దె ఇంట్లో ఆ నట్లు ముట్టుకోవద్దు! రేపు కారితే నువ్వు విప్పినందుకే అంటారు. సొంతిల్లయితే వేరు, మనం ఉండే ఇంట్లో లైసెన్సు లేకపోయినా మన ప్లంబింగ్ మనం చేసుకోవచ్చు.

ప్లేనో నుంచి:
ఆ మాటకు ఒప్పుకుంటాను. తమ్ముడూ, అలెన్ కీ వరకు నువ్వు చెయ్, గొట్టం వాళ్లకు వదిలెయ్. ఈ రాత్రే ఫొటోలతో రిక్వెస్టు పెట్టు. సింక్ కింద నీళ్లు ఆపడానికి వేడినీళ్లకొకటి, చన్నీళ్లకొకటి చిన్న వాల్వులు ఉంటాయి. కుడివైపు తిప్పితే మూసుకోవాలి. రెండూ మెల్లగా తిప్పి చూడు, బిగుసుకుపోయి ఉంటే అది కూడా అదే రిక్వెస్టులో రాయి.