డ్రంకెన్ డ్రైవ్ లిమిట్ 30 ఎందుకు? సున్నా చేస్తే పోదా? (బెంగళూరు తెలుగువాళ్ళ చర్చ)

చిత్తూరు_చిన్నోడు (హెచ్ఎస్ఆర్ లేఔట్)

శుక్రవారం ఆఫీసు పార్టీలో మా టీమ్ వాళ్ళు లెక్కలు వేసుకుంటున్నారు. "ఒక లార్జ్ అయితే 30 లోపే ఉంటుంది, రెండోది తాగితే అరగంట ఆగి వెళ్దాం" అని. బీటెక్ చదివినవాళ్ళు, అందరికీ కార్లున్నాయి. చట్టం పెట్టిన గీతను వాళ్ళు రేషన్ కార్డులా వాడుకుంటున్నారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. 2019 సెప్టెంబర్ నుంచి మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి అయితే 15,000, జైలు 2 ఏళ్ళ దాకా.

2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఏం జరిగిందో మనకెవరికీ చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నుంచి మన బెంగళూరుకి వస్తున్న బస్సు. తాగి బైక్ నడిపిన ఒక కుర్రాడు డివైడర్‌ను గుద్దుకున్నాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైక్‌ను బస్సు ఈడ్చుకెళ్ళింది, మంటలొచ్చాయి, 19 మంది ప్రయాణికులు పోయారు. తర్వాత హైదరాబాద్ పోలీసు కమిషనర్ సజ్జనార్ తాగి నడిపేవాళ్ళను ఉగ్రవాదులన్నారు. పండక్కి మనం ఎక్కే బస్సులే అవి.

నా మాట ఒక్కటే. లిమిట్ సున్నా చేయాలి. తాగితే స్టీరింగ్ ముట్టుకోకూడదు, అంతే. 30 అనే అంకె ఉన్నంతకాలం జనం లెక్కలు వేస్తూనే ఉంటారు.

నెల్లూరు_మావ (మారతహళ్ళి)

తమ్ముడూ, ఆవేశం బాగుంది. 2025లో కేరళలో పందళం ఆర్టీసీ డిపోలో డ్రైవర్లు పొద్దున్నే ఆల్కహాల్ కొలిచే మిషన్‌లో ఊదితే తాగినట్టు చూపించింది. తీరా చూస్తే వాళ్ళు తిన్నది పనస తొనలు! బాగా పండిన పనసలో కాస్త పులుపు పట్టి ఆల్కహాల్ తయారవుతుంది. సున్నా పెడితే పనస తొన తిన్నోడూ, హోమియోపతి చుక్కలు వేసుకున్నోడూ, మౌత్‌వాష్ పుక్కిలించినోడూ అందరూ కోర్టు మెట్లెక్కాలి.

ఇంకో మాట. చిన్నటేకూరు కుర్రాడికి లిమిట్ 30 అయినా సున్నా అయినా ఒకటే. రాత్రి మూడింటికి హైవే మీద ఎవరు ఊదిస్తారు? ఉన్న చట్టమే అక్కడికి వెళ్ళలేదు, కొత్త అంకె వెళ్తుందా?

డాక్టరమ్మ_జయనగర్

పనస సంగతి నిజమే, కానీ అది నోట్లో ఉండే ఆల్కహాల్. పావుగంట ఆగి, నోరు పుక్కిలించి మళ్ళీ ఊదితే పోతుంది. రక్తంలో ఉన్నది పావుగంటలో పోదు. అందుకే రెండోసారి ఊదించమని అడగండి.

ఇక "ఒక లార్జ్ అయితే 30 లోపే" అన్న మాట దగ్గరకు వద్దాం. ఈ లెక్కకు స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ దాదాపు వందేళ్ళ కిందటే సూత్రం ఇచ్చాడు. మన విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల లార్జ్‌లో అది దాదాపు 20 గ్రాములు. ఆల్కహాల్ కొవ్వులోకి పెద్దగా పోదు, నీళ్ళున్న చోటే సర్దుకుంటుంది. మగవాళ్ళ ఒంట్లో ఆ చోటు బరువులో సుమారు 0.68 వంతు, ఆడవాళ్ళలో సుమారు 0.55. 70 కిలోల మగవాడు ఖాళీ కడుపుతో ఒక లార్జ్ కొడితే రక్తంలో 42 దాకా వెళ్ళొచ్చు. మొదటి పెగ్గుకే గీత దాటేశాడు! 55 కిలోల అమ్మాయి అదే పెగ్గు తాగితే 66 దాకా. బార్ల దగ్గర దొరికే 90 మిల్లీలీటర్ల విస్కీ టెట్రా ప్యాకెట్ ఒక్కటి ఆ 70 కిలోల మనిషిని 60 దాటిస్తుంది.

కడుపు నిండా బిర్యానీ తిని తాగితే అంత పైకి పోదు, ఎందుకంటే ఆల్కహాల్ చిన్న పేగులోకి నెమ్మదిగా దిగుతుంది. ఎంత తగ్గుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. నిన్న తగ్గినంత ఇవాళ తగ్గకపోవచ్చు.

అసలు ప్రమాదం ఇంకొకటుంది. తాగిన అరగంట నుంచి గంటన్నర దాకా రక్తంలో ఆల్కహాల్ ఇంకా పెరుగుతూ ఉండొచ్చు. ఇందిరానగర్‌లో ఆఖరి పెగ్గు గబగబా దించి బయల్దేరినవాడికి డొమ్లూరు దగ్గర 22 చూపించి, సిల్క్ బోర్డ్ చేరేసరికి 40 ఉండొచ్చు. "అరగంట ఆగి వెళ్దాం" అనేవాళ్ళు ఒక్కోసారి సరిగ్గా పైకెక్కే సమయానికే బండి తీస్తున్నారు.

దిగడం మాత్రం నత్తనడక. లివర్ 100 మిల్లీలీటర్ల రక్తంలోంచి గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తీసేస్తుంది, మనిషిని బట్టి 10 నుంచి 20 దాకా. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ళ స్నానం, వాంతి, నెయ్యి... వీటిలో ఏదీ ఆ వేగాన్ని పెంచదు. కాఫీ తాగితే మెలకువగా ఉన్న తాగుబోతు అవుతారు.

గుంటూరు_కారం99

మేడం, బీరు లెక్క వేరు కదా? అది వేడి తగ్గడానికి తాగేది 😄

డాక్టరమ్మ_జయనగర్

650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు, 8 శాతం అయితే అందులో 41 గ్రాముల ఆల్కహాల్. అంటే రెండు లార్జ్‌లు. 70 కిలోల మనిషికి 86 దాకా. మీ వేడి సంగతి నాకు తెలియదు.

నెల్లూరు_మావ

డాక్టరమ్మ గారూ, మరి షుగర్ పేషెంట్ల నోటి వాసన సంగతేంటి? మా బావమరిది ఆ టెన్షన్‌తోనే రాత్రిళ్ళు బండి తీయడం లేదు.

డాక్టరమ్మ_జయనగర్

ఆ వాసన అసిటోన్‌ది. చవకరకం సెన్సర్లు దాన్ని చూసి తికమకపడతాయి. మంచి ఆల్కోమీటర్లలో, అంటే ఊదే మిషన్లలో, ఫ్యూయల్ సెల్ అనే సెన్సర్ ఉంటుంది, అది ఆల్కహాల్‌కే స్పందిస్తుంది, అసిటోన్‌ను పట్టించుకోదు. అయితే ఏ మిషనూ రక్తాన్ని నేరుగా కొలవదు. ఊపిరిలో ఉన్నదాన్ని 2100తో గుణించి రక్తంలో ఇంత అని చూపిస్తుంది. ఆ 2100 సగటు మనిషి లెక్క, మీ బావమరిది లెక్క కాదు. కాబట్టి 31 వచ్చినవాడికీ 29 వచ్చినవాడికీ తేడా మిషన్‌దా మనిషిదా అంటే చెప్పడం కష్టం. సున్నా పెట్టినా ఇదే తలనొప్పి.

లాయరు_బాబాయ్ (కోరమంగళ)

అదే నేనూ చెప్పబోయాను. నేను సున్నాకు వ్యతిరేకం. తాగేవాళ్ళ మీద ప్రేమతో కాదు. సున్నా అన్నామంటే ప్రతి కేసులోనూ మిషన్ గాలికే ఎంత చూపిస్తుందో, దానికి సర్టిఫికెట్ ఉందో లేదో అని వాదించి సగం మంది బయటపడతారు. 30 అనేది అలాంటి చిన్న చిన్న పొరపాట్లను మింగేసి కోర్టులో నిలబడే అంకె. బ్రిటన్‌లో ఇంగ్లాండ్, వేల్స్‌కు ఇప్పటికీ 80, స్కాట్లాండ్ 2014లో 50కి దించింది. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో 80. జపాన్ మనలాగే 30, స్వీడన్, నార్వేల్లో 20. మనది మెతక చట్టమేమీ కాదు.

ఎవరూ మాట్లాడనిది సెక్షన్ 188. తాగి నడపడానికి ప్రోత్సహించినవాడికీ అదే శిక్ష. "నువ్వే తీయి మావా, ఏం కాదు" అని తాళాలు చేతిలో పెట్టి పక్క సీట్లో కూర్చునేవాడు కూడా దీని కిందకు రావచ్చు. ఈ సెక్షన్‌ను నాలుగు కేసుల్లో గట్టిగా వాడితే, మీ ఆఫీసు పార్టీలో లెక్కలు వేసేవాళ్ళు సగం తగ్గుతారు, చిన్నోడూ.

ఇన్సూరెన్స్ సంగతీ వినండి. తాగి గుద్దితే మీ కారు రిపేరుకు కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు. ఊదించిన రిపోర్టు లేకపోయినా మిగతా సాక్ష్యం చూసి క్లెయిమ్ తోసేయవచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అవతలివాడికి నష్టపరిహారం కంపెనీతో కట్టించినా, తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతుంటాయి. 10,000 జరిమానా దాని ముందు చిల్లర.

రాత్రి_షిఫ్ట్_రమణ (క్యాబ్, అనంతపురం మనిషి)

అందరూ పెద్ద చదువుల వాళ్ళు మాట్లాడుతున్నారు, నాదీ ఒక మాట. నేను మాన్యతా టెక్ పార్కు నుంచి రాత్రి షిఫ్టు ఆడపిల్లలను దింపుతా. నాకు సున్నా పెట్టినా అభ్యంతరం లేదు సార్, నేను ముట్టను. కానీ చెకింగ్ ఎక్కడ చూసినా ఫ్లైఓవర్ దిగే చోట, శుక్రవారం, శనివారం, పదకొండు దాటాక. ఎక్కడ ఆపుతున్నారో వాట్సాప్‌లో ముందే వచ్చేస్తుంది. లోపల లోపల సందుల్లోంచి వెళ్ళిపోతారు. సందుల్లోనే కదా పిల్లలు, కుక్కలు, పాలవాళ్ళు ఉండేది!

పొద్దున పూట సంగతి డాక్టరమ్మ చెప్పాలి. రాత్రి తాగి పొద్దున స్కూల్ వ్యాన్ నడిపేవాళ్ళను ఈ ఊళ్ళో పోలీసులు పట్టుకున్న వార్తలు మీరూ చదివే ఉంటారు. వాళ్ళు చెప్పేది ఒకటే. "నిద్రపోయి లేచాను సార్, ఎప్పుడో దిగిపోయింది."

డాక్టరమ్మ_జయనగర్

రమణ గారూ, నిద్రకూ దానికీ సంబంధం లేదు. 60 కిలోల మనిషి రాత్రి పదింటి నుంచి ఒంటిగంట దాకా నాలుగు లార్జ్‌లు తాగాడనుకోండి. మొత్తం 200 దగ్గర. గంటకు 15 చొప్పున పొద్దున ఏడింటికి 135 పోయింది. ఇంకా 60కి పైనే ఉంది. తల దువ్వుకుని, ఇడ్లీ తిని, ఫ్రెష్‌గా ఉన్నాననుకుంటూ గీతకు రెండింతలతో పిల్లల వ్యాన్ ఎక్కుతాడు.

చిత్తూరు_చిన్నోడు

లాయరు గారూ, మిషన్ పొరపాటుకు భయపడి చట్టాన్ని వదులుగా ఉంచాలా? చెక్ దేశంలో సున్నానే. జర్మనీలో అందరికీ 50 అయినా, కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళకు, 21 లోపు వాళ్ళకు 2007 నుంచి సున్నా. అమెరికాలో లారీ డ్రైవర్లకు మామూలువాళ్ళకున్న లిమిట్‌లో సగం, 40. అక్కడ కోర్టులు మూతపడలేదు కదా. పోనీ అందరికీ వద్దు. బస్సులు, స్కూల్ వ్యాన్లు, క్యాబ్‌లు, కొత్త లైసెన్సులకైనా సున్నా పెట్టండి.

రాత్రి_షిఫ్ట్_రమణ

పసుపు బోర్డుకు (అద్దె బండ్లకు) సున్నా, తెల్ల బోర్డుకు (సొంత బండ్లకు) 30 అంటారా? నా ఎదురుగా వచ్చేది తెల్ల బోర్డే కదన్నా.

నెల్లూరు_మావ

రమణ మాటకు నా ఓటు. నా గొడవ ఇంకొకటుంది. పబ్బులు రాత్రి ఒంటిగంట దాకా తెరిచి ఉంచుతారు. మామూలు రోజుల్లో అర్ధరాత్రి దాటితే మెట్రో లేదు. మందు మీద పన్ను ప్రభుత్వానికి కావాలి, ఇంటికి మాత్రం ఎలాగోలా పోవాలి. 2017 జులైలో గుర్తుందా? హైవేలకు 500 మీటర్ల లోపు మందు అమ్మొద్దని సుప్రీంకోర్టు అంటే ఎంజీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు పబ్బులు చాలా మూసేశారు. నడుచుకుంటూ మెట్రో ఎక్కగలిగే చోట బార్లు మూసి, కారుంటేనే పోగలిగే చోట వదిలేశారు. తర్వాత తెరిచారనుకోండి. రాత్రి రెండింటి దాకా మెట్రో నడిపితే సున్నా లిమిట్ కన్నా ఎక్కువ ప్రాణాలు మిగులుతాయి.

సుధక్క_వైట్‌ఫీల్డ్

మావా, పెగ్గుకు 600 పెట్టగలిగినవాడికి క్యాబ్‌కు 400 బరువా? మెట్రో లేదని మందు మానేసినవాడిని నేనైతే చూడలేదు. కారు ఇంటి దగ్గర వదిలి రావడానికి ఏ ప్రభుత్వం అనుమతి కావాలి?

గుంటూరు_కారం99

అక్కా, తెల్లారి కారు కావాలి కదా. కాల్ డ్రైవర్ అర్ధరాత్రి దొరకడు, దొరికినా రెట్టింపు అడుగుతాడు. సరే, లాయరు గారికి ఒక డౌట్. ఊదను అంటే ఏం చేస్తారు? ఇంకోటి, హైదరాబాద్‌లో బండి సీజ్ చేయకూడదని కోర్టు చెప్పింది కదా, ఇక్కడ వర్తించదా?

లాయరు_బాబాయ్

ఊదకపోతే తప్పించుకున్నట్టు కాదు. వారెంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు. అరెస్టు చేశాక రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలి, లేకపోతే వదిలేయాలి. అది మీ హక్కు. సరైన కారణం లేకుండా ఊదననడం, రక్తం ఇవ్వననడం రెండూ సెక్షన్ 205 కింద మీకే ఎదురు తిరుగుతాయి. మిషన్ మీద నిజంగా అనుమానముంటే అక్కడే రక్తపరీక్ష అడగండి. ఎందుకు వెంటనే అంటున్నానో డాక్టరమ్మ లెక్క చూస్తే అర్థమవుతుంది. ఆలస్యమైతే అంకె మారిపోతుంది, ఒక్కోసారి పైకి కూడా.

బండి సీజ్ మీద 2021లో వచ్చిన తీర్పు తెలంగాణ హైకోర్టుది. తాగనివాడు, లైసెన్సు ఉన్నవాడు పక్కన ఉంటే బండి అతనికి ఇచ్చేయమంది. ఇక్కడ దాన్ని చూపించి అడగొచ్చు, కానీ కర్ణాటక పోలీసులు దానికి కట్టుబడి ఉండాలని లేదు. ఎలాగూ తాగనివాడు పక్కన ఉంటే, మొదటే వాడి చేతికి తాళాలు ఇవ్వొచ్చుగా?

చిత్తూరు_చిన్నోడు

నేను సున్నా దగ్గరే ఉన్నా. డాక్టరమ్మ గారి లెక్క మా టీమ్ గ్రూపులో పెట్టాను. ఒకడు అప్పుడే అడిగాడు, "మరి 80 కిలోలుంటే ఎంత?" అని.